కొలంబో "మర్డర్ బై ది బుక్" ఎపిసోడ్: తెరవెనక సంగతులు (కథ మొత్తం చెప్పేస్తాం, చూడనివాళ్లు జాగ్రత్త)

పాతటీవీ_పిచ్చోడు
నిన్న రాత్రి నిద్ర పట్టక కొలంబో అనే పాత అమెరికన్ డిటెక్టివ్ సీరియల్ మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ పెట్టుకున్నా. (కొలంబో అంటే అందులో పోలీసు లెఫ్టినెంట్ పేరు.) 1971 సెప్టెంబర్ 15న అమెరికాలో ఎన్‌బీసీలో వచ్చింది ఇది. ఎన్నోసారి చూడటమో లెక్కలేదు కానీ ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా, దాంతో మొదటి రెండు నిమిషాలే నాలుగుసార్లు వెనక్కి తిప్పాల్సి వచ్చింది. లాస్ ఏంజిలిస్ రోడ్డు మీద ఒక కారు వస్తుంటుంది. మ్యూజిక్ లేదు, మాటలు లేవు, వినపడేదల్లా టైప్‌రైటర్ టకటకలు. పైన ఆఫీసులో ఒకాయన నవల టైప్ చేసుకుంటున్నాడు, కింద కారులో ఆయన్ని చంపబోయేవాడు వస్తున్నాడు. మనకి ఎవరూ ఏమీ చెప్పరు, అయినా టెన్షన్ మొదలైపోతుంది. డైరెక్టర్ స్టీవెన్ స్పీల్‌బర్గ్, అప్పటికి ఇరవై నాలుగేళ్లు. ఆ వయసులో నేను ఇంకా సప్లిమెంటరీలు రాస్తున్నాను.

ఈ ఎపిసోడ్ ఎలా తీశారో, ఎవరు ఏం చేశారో తెలిసినవాళ్లు ఇక్కడ రాయండి. ఒక్క మనవి, వాట్సాప్‌లో వచ్చినవి మాత్రం వద్దు.

కాకినాడ_కాజా
స్పీల్‌బర్గ్ చేసిన మొట్టమొదటి పని ఇదే కదా? అతని "డ్యుయెల్" అనే టీవీ సినిమా చూసి ముచ్చటపడి దీనికి పిలిచారని ఎక్కడో చదివాను.

డల్లాస్_బాబాయ్
కాజా, నువ్వు చెప్పిన రెండు ముక్కలూ తప్పే, ఏమీ అనుకోకు. "డ్యుయెల్" వచ్చింది అదే ఏడాది నవంబర్ 13న, అంటే ఇది ప్రసారమయ్యాక రెండు నెలలకి. అదీ వేరే ఛానెల్, ఏబీసీ. ఇక మొట్టమొదటిది అంటావా, 1969లోనే "నైట్ గ్యాలరీ" అనే టీవీ కార్యక్రమంలో చూపులేని ధనవంతురాలి కథ ఒకటి తీశాడు, అందులో జోన్ క్రాఫర్డ్ నటించింది. అంత పెద్ద తారని ఇరవై రెండేళ్ల కుర్రాడి చేతిలో పెట్టారు. ఆ తర్వాత యూనివర్సల్ స్టూడియోలోనే డాక్టర్ల సీరియళ్లు, లాయర్ల సీరియళ్లు ఏవి ఇస్తే అవి తీసుకుంటూ పోయాడు. కొలంబోని పుట్టించిన రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్‌లు "ది సైకియాట్రిస్ట్" అనే సీరియల్లో అతని పని చూసి ఇతన్ని తీసుకున్నారు.

ఇంకో సంగతి. ముందు ప్రసారమైంది ఇదే అయినా, ముందు తీసింది రెండో ఎపిసోడ్‌గా చూపించిన "డెత్ లెండ్స్ ఎ హ్యాండ్". చేతిలో ఉన్నవాటిలో బాగా వచ్చినదాన్ని ముందు వదిలారన్నమాట. మన పండగ సీజన్ లెక్కే.

పాతటీవీ_పిచ్చోడు
బాబాయ్ వచ్చాడు, ఇక ఈ దారం (థ్రెడ్) సాగుతుంది. కెమెరామన్ గురించి చెప్పు బాబాయ్, నువ్వు ఆ రోజు ఫోన్‌లో చెప్పావు.

డల్లాస్_బాబాయ్
రస్సెల్ మెట్టీ. "స్పార్టకస్"కి ఆస్కార్ కొట్టినవాడు. అంతకుముందు ఆర్సన్ వెల్స్ "టచ్ ఆఫ్ ఈవిల్"లో కారు డిక్కీలో బాంబు పెట్టిన దగ్గర్నుంచి కట్ లేకుండా సాగే ఆ మొదటి షాట్ ఉంది చూడు, దాని వెనక ఉన్నదీ ఈయనే. అరవై దాటిన మనిషి. ఆయన పక్కకి ఈ ఇరవై నాలుగేళ్లవాడిని తెచ్చి "ఈయనే మీ డైరెక్టర్" అంటే ఎలా ఉంటుంది? సెట్లో ఈ కుర్రాడికి పాలసీసా టైము ఎప్పుడు అన్న ధోరణిలో విసుక్కునేవాడని లెవిన్సన్, లింక్‌లే తర్వాత చెప్పుకున్నారు. కానీ పనిలో ఆ విసుగు ఎక్కడా కనపడదు. ఇద్దరూ కలిసి తీసిన ఆఫీసు సీన్లు చూడండి, ఒకడు ముందు పెద్దగా, ఇంకొకడు వెనకాల ఎక్కడో చిన్నగా, కిటికీలోంచి ఊరు. టీవీలో అప్పుడు మామూలుగా మొహం, ఎదుటి మొహం, మళ్లీ మొహం, అంతే.

కొలంబోగా చేసిన పీటర్ ఫాక్ చెప్పిన ముచ్చట ఒకటుంది. ఒక వీధి సీన్ చేస్తుంటే కెమెరా ఎక్కడుందో ఆయనకి కనపడలేదట. చూస్తే స్పీల్‌బర్గ్ రోడ్డు అవతల పెట్టి పొడుగు లెన్స్‌తో తీస్తున్నాడు. ఇప్పుడు అందరూ చేస్తారు గానీ అప్పటి టీవీలో అది కొత్త. ఇంటికెళ్లి నిర్మాతలకి ఫోన్ చేసి, ఈ అబ్బాయి కొలంబోకి ఎక్కువ, ఇక్కడ ఉండే సరుకు కాదు అన్నట్టు చెప్పాడట.

తెరచాటు_రాత
అందరూ స్పీల్‌బర్గ్, స్పీల్‌బర్గ్ అంటున్నారు కాబట్టి నేను కాస్త అడ్డం పడతాను. ఈ ఎపిసోడ్ స్క్రిప్టు రాసింది స్టీవెన్ బోచ్కో. అతనికీ అప్పటికి ఇరవై ఏడే. తర్వాత "హిల్ స్ట్రీట్ బ్లూస్", "ఎన్‌వైపీడీ బ్లూ" అతని చేతిలోంచే వచ్చాయి, అమెరికన్ పోలీసు సీరియళ్ల రూపమే మార్చాడు. ఇక్కడ ఇద్దరు స్టీవెన్‌లు ఉంటే మనకి ఒక్కడే గుర్తున్నాడు.

కథ కూడా అదే గమనించారా? జిమ్ ఫెర్రిస్, కెన్ ఫ్రాంక్లిన్ అని ఇద్దరు రచయితలు. మిసెస్ మెల్‌విల్ అనే ముసలి డిటెక్టివ్ మీద ఇద్దరి పేర్లతో నవలలు వస్తుంటాయి, కోట్లలో అమ్ముడుపోతుంటాయి. కానీ కూర్చుని రాసేది జిమ్ ఒక్కడే. కెన్ మంచి సూటేసుకుని ఇంటర్వ్యూలిస్తాడు, పుస్తకాల మీద సంతకాలు పెడతాడు. జిమ్ "ఇక నేను వేరుగా రాసుకుంటాను" అన్నాడు, దాంతో కెన్ బతుకుతెరువు పోయింది. అదీ హత్యకి కారణం. భాగస్వామి మీద భీమా డబ్బు కూడా వస్తుందనుకోండి.

నేను ఒక డైలీ సీరియల్‌కి రెండేళ్లు డైలాగులు రాశాను, టైటిల్స్‌లో వేరే ఆయన పేరు పడేది. ఛానెల్ పేరు, ఆయన పేరు అనవసరం. ఆయన మంచివాడే, టీ తెప్పించేవాడు. కానీ జిమ్ ఆ బల్ల ముందు కూర్చుని టైప్ చేస్తుంటే నాకు వీపు మీద ఎవరో చూస్తున్నట్టు ఉంటుంది.

సీతాఫలం_82
అయ్యో. మరి మీరు జిమ్‌లాగా "వేరు పడతాను" అన్నారా?

తెరచాటు_రాత
అన్నాను. తుపాకీ ఏమీ తీయలేదు లెండి. రెండు నెలల పారితోషికం మాత్రం ఇప్పటికీ రాలేదు.

పాతటీవీ_పిచ్చోడు
ఇక్కడ అసలు విచిత్రం ఏమిటంటే కొలంబోని పుట్టించింది కూడా ఇద్దరు. లెవిన్సన్, లింక్ ఫిలడెల్ఫియాలో బడిలో చదువుకునేటప్పటి నుంచి దోస్తులు, అప్పట్నుంచే కలిసి రాసేవాళ్లు, 1987లో లెవిన్సన్ పోయేదాకా విడిపోలేదు. వాళ్లు అభిమానించిన డిటెక్టివ్ రచయిత ఎల్లరీ క్వీన్ అనే పేరు వెనక ఉన్నదీ ఇద్దరే, ఫ్రెడరిక్ డాన్నే, మాన్‌ఫ్రెడ్ లీ అనే కజిన్లు. 1975లో ఆ ఎల్లరీ క్వీన్‌నే టీవీకి తెచ్చింది మళ్లీ ఈ జంటే. అంటే ఒక రచయితల జంట తమ సీరియల్ తొలి ఎపిసోడ్‌లోనే జంటలో ఒకణ్ణి ఇంకొకడి చేత చంపించారు! ఆ స్క్రిప్టు మొదటిసారి చదివినప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకున్నారో.

కాకినాడ_కాజా
మన పరుచూరి సోదరులు ఇలాంటి కథ రాసుకుంటే ఎలా ఉండేదో అని ఊహించుకుని నవ్వుకుంటున్నా.

ట్రంక్‌కాల్_తాతయ్య
పిల్లలూ, నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా మనవడు ఈ చర్చ చూపించాడు. హత్య ఎలా చేశాడో ఎవరైనా కాస్త వివరంగా చెబుతారా, అందులో ఫోను ఉందట కదా.

డల్లాస్_బాబాయ్
నమస్కారం తాతయ్య గారూ. కెన్‌కి శాన్ డియాగో వైపు ఒక సరస్సు పక్కన చిన్న ఇల్లు ఉంది. జిమ్‌ని సరదాగా అక్కడికి తీసుకెళ్తాడు. అక్కడ్నుంచి జిమ్ చేత భార్య జొయానాకి ఫోన్ చేయించి "ఆఫీసులోనే ఉన్నాను, పని ఉంది, ఆలస్యమవుతుంది" అని చెప్పిస్తాడు. మొగుడు అబద్ధం చెప్పడం కూడా కెన్ సలహానే, భార్య ఏమీ అనుకోకుండా. ఆ మాట్లాడుతుండగానే కాల్చేస్తాడు. ఆవిడకి చప్పుడు వినపడింది కాబట్టి హత్య లాస్ ఏంజిలిస్ ఆఫీసులో జరిగిందని ప్రమాణం చేసి చెబుతుంది. ఆ సమయానికి కెన్ వంద మైళ్ల అవతల ఉన్నాడని అందరూ నమ్ముతారు. ఉన్నాడు కూడా, శవంతో సహా.

ట్రంక్‌కాల్_తాతయ్య
బాగుంది, కానీ ఈ పథకం ఆ రోజుల్లో మన దగ్గర ఒక్క అంగుళం కూడా కదిలేది కాదు. 1971లో పక్క ఊరికి ఫోన్ కావాలంటే చాలాచోట్ల ట్రంక్ కాల్ బుక్ చెయ్యాలి. లైన్ దొరికేదాకా కూర్చోవాలి. దొరికాక ముందు ఆవిడకి వినపడేది మొగుడి గొంతు కాదు, మా గొంతు. "ట్రంక్ కాల్ అమ్మా, ఫలానా ఊరి నుంచి, లైన్లో ఉండండి." ఇక ఆఫీసులో ఉన్నానని ఎలా చెబుతాడు? పైగా మూడు నిమిషాలకోసారి మేం మధ్యలో వస్తాం. తుపాకీ పేలితే మాకూ వినపడేది, టికెట్ మీద టైముతో సహా రాసి ఉండేది. ఆపరేటర్ లేకుండా నేరుగా తిప్పుకునే ఎస్‌టీడీ మన దేశంలో 1960లో లక్నో, కాన్పూర్ మధ్య మొదలైంది గానీ ఊరూరా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మీ కొలంబో వచ్చి ఏమీ చెయ్యనక్కర్లేదు, మా నైట్ డ్యూటీ అమ్మాయిని అడిగితే చాలు.

పాతటీవీ_పిచ్చోడు
తాతయ్య గారూ, ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే బెస్టు. నేను ఇన్నిసార్లు చూశాను, ఈ కోణం ఒక్కసారి కూడా తట్టలేదు.

రాత్రిబండి
కొలంబో మొదటి పేరు ఫిలిప్. చాలామందికి తెలియదు.

డల్లాస్_బాబాయ్
రాత్రిబండీ, నువ్వు సరిగ్గా పడాల్సిన ఉచ్చులోనే పడ్డావు. ఫ్రెడ్ వర్త్ అని ఒకాయన ట్రివియా పుస్తకాలు వేసేవాడు. తన పుస్తకంలోంచి ఎవరైనా ఎత్తేస్తే పట్టుకోవడానికి కావాలని ఒక అబద్ధం ఇరికించాడు, అదే "ఫిలిప్ కొలంబో". సరిగ్గా ఆ ఫిలిప్‌తోనే "ట్రివియల్ పర్స్యూట్" అనే బోర్డు గేమ్‌లో ప్రశ్న వచ్చింది. 1984లో ముప్ఫై కోట్ల డాలర్లకి దావా వేశాడు. ఆటవాళ్లు మేం చాలా పుస్తకాలు చూశాం, నీదీ చూశాం, తప్పేమిటి అన్నారు. వాస్తవాలకి ఎవరికీ కాపీరైట్ ఉండదని కోర్టు కేసు కొట్టేసింది. అబద్ధం రాసి వాస్తవమని అమ్మినవాడు, అది నా సొంత కల్పన అని ఎలా అంటాడు? వలేసినవాడే వలలో పడ్డాడు.

మాటల్లో మొదటి పేరు ఎప్పుడూ చెప్పరు. ఇదే మొదటి సీజన్‌లో "డెడ్ వెయిట్" అనే ఎపిసోడ్‌లో ఐడీ కార్డు చూపిస్తాడు, బొమ్మ ఆపి చూస్తే అక్కడ "ఫ్రాంక్" అని కనపడుతుంది. అది కూడా ఎవరో సామాన్ల విభాగంలో మనిషి రాసి ఉంటాడు, మనం చూస్తామని అనుకుని ఉండడు.

రాత్రిబండి
సరే, ఒప్పుకున్నా. ఫాక్ కోటు మాత్రం నిజమే కదా? అది ఆయన సొంతదే అంటారు.

పాతటీవీ_పిచ్చోడు
అది నిజమే. న్యూయార్క్ 57వ వీధిలో వాన పడుతుంటే తడవకుండా దూరి కొన్నానని, పదిహేను డాలర్లని ఆయనే చెప్పాడు. సీరియల్‌కి వార్డ్‌రోబ్ వాళ్లు వేరే బట్టలు చూపిస్తే నచ్చక ఇంట్లోంచి తెచ్చుకున్నాడు. కొలంబో నడిపే ఆ డొక్కు ప్యూజో 403 కారు కూడా యూనివర్సల్ వాళ్ల షెడ్డులో ఓ మూల పడి ఉంటే ఆయనే ఏరుకున్నాడు. కొలంబో కుక్కని మాత్రం ఈ ఎపిసోడ్‌లో వెతక్కండి, అది రెండో సీజన్‌లో వస్తుంది. ఇక కొలంబోగా మొదట కనపడింది కూడా ఫాక్ కాదు, 1960లో బెర్ట్ ఫ్రీడ్ అనే నటుడు. 1968లో వచ్చిన కొలంబో టీవీ సినిమాకి ముందు గాయకుడు, నటుడు బింగ్ క్రాస్బీని అడిగారు. గోల్ఫ్ ఆడుకునే తీరిక పోతుందని ఆయన వద్దన్నాడంటారు. అది వచ్చేటప్పటికి ఫాక్‌కి నలభై ఏళ్లు, మూడేళ్ల వయసులోనే క్యాన్సర్ వల్ల కుడి కన్ను తీసేశారు. ఆ తేడా చూపునే పాత్రకి పెట్టుబడి చేసుకున్నాడు.

సీతాఫలం_82
గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి "ఇంకొక్క విషయం" అంటాడు కదా, అది ఎలా వచ్చిందో నాకు తెలుసు, చెప్పనివ్వండి. లెవిన్సన్, లింక్ కొలంబో పాత్రతో నాటకం రాసుకునేటప్పుడు ఒక సీన్ చిన్నదైపోయింది, కొలంబో అప్పటికే బయటికి వెళ్లిపోయాడు. పేజీ మొత్తం మళ్లీ టైప్ చెయ్యాలంటే బద్ధకం. అందుకని అతన్నే వెనక్కి పిలిచి ఇంకో ప్రశ్న అడిగించారు. లింక్ ఇది చాలాసార్లు చెప్పాడు. అంటే కంప్యూటర్ ఉండి ఉంటే ఆ మాటే ఉండేది కాదు!

మా అమ్మ రాజమండ్రిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. లోయర్, హయ్యర్ పరీక్షలకి మా వరండాలో తెల్లారి ఐదింటికే మిషన్లు మొదలయ్యేవి. "పేజీ చివర్లో తప్పు పడితే ప్రాణం పోయినట్టుండేది" అంటుంది. ఈ బద్ధకం ఆవిడకి వెంటనే అర్థమైంది, నేను చెప్పేలోపే నవ్వేసింది.

డల్లాస్_బాబాయ్
శభాష్ సీతాఫలం. ఆ టైప్‌రైటర్ చప్పుడుని సంగీత దర్శకుడు బిల్లీ గోల్డెన్‌బర్గ్ కూడా వదల్లేదు. మొదట్లో ఒట్టి చప్పుడుగా విన్నదాన్నే తర్వాత నేపథ్య సంగీతంలో వాయిద్యంలా కలుపుతాడు. "డ్యుయెల్"కి కూడా ఆయనే. హెడ్‌ఫోన్స్‌తో వింటే భలే పట్టుకోవచ్చు.

మాజీ_వకీలు
అన్నీ బాగానే ఉన్నాయి, సాక్ష్యం మాటేమిటి? చివర్లో కొలంబో చేతిలో ఉన్నది ఏమిటి? జిమ్ కాగితాల్లో దొరికిన చీటీ. "అతను ఇతన్ని ఊరవతల ఇంటికి తీసుకెళ్లి, ఆఫీసులో ఉన్నానని భార్యకి ఫోన్ చేయించి కాల్చేస్తాడు" అని ఎప్పుడో రాసుకున్న కథ ఆలోచన. మా మెజిస్ట్రేట్ ముందు ఇది పెడితే నన్ను క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగి రమ్మనేవారు. కెన్ నోరు మూసుకుని లాయర్ని పిలిపించుకుంటే చాలు, బయటపడేవాడు.

తెరచాటు_రాత
వకీలు గారూ, అందుకే నాకు ఆ చివర ఇష్టం. కెన్ ఎందుకు నోరు మూసుకోలేకపోయాడు? హత్య కూడా జిమ్ బుర్రలోంచే దొంగిలించావు అన్నట్టుంది కొలంబో మాట. దాన్ని అతను భరించలేడు. అది నాది, నా బతుకులో నాకు వచ్చిన ఒకే ఒక్క మంచి ఆలోచన అది, ఐదేళ్ల కింద జిమ్‌కి చెప్పాను, వాడు రాసి పెట్టుకుంటాడని ఎవరనుకున్నారు అంటాడు. పుస్తకాల్లో ఒక్క ముక్కా రాయనివాడు, చివరికి తను రాశానని చెప్పుకోవడానికి ఉరికైనా సిద్ధపడ్డాడు. టైటిల్స్‌లో పేరు కోసం మనుషులు ఏం చేస్తారో నేను చూశాను. నాకది ఒప్పుకోలులా కాదు, క్రెడిట్ అడిగినట్టు వినపడుతుంది.

మాజీ_వకీలు
అలా చెబితే సరే. అయినా కేసు నిలబడదు.

కాకినాడ_కాజా
నాకు ఆ కొట్టు నడిపే ఆవిడ, లిల్లీ లా సంకా, ఆవిడ మీదే బాధ. కారులో జిమ్‌ని చూసింది, పోలీసులకి చెప్పకుండా కెన్‌ని పదిహేను వేలు అడిగింది. డబ్బు ఆశ కంటే ఒంటరితనమే ఎక్కువ కనపడుతుంది ఆ మొహంలో. అతను షాంపేన్ తెస్తే మురిసిపోతుంది. అదే సీసాతో కొడతాడు దుర్మార్గుడు, తర్వాత సరస్సులో.

సీతాఫలం_82
ఆ పాత్ర చేసింది బార్బరా కోల్బీ. రాయాలా వద్దా అని ఆలోచించాను. 1975 జులైలో లాస్ ఏంజిలిస్‌లో యాక్టింగ్ క్లాసు అయ్యాక కారు దగ్గరికి వెళ్తుంటే ఆమెని, పక్కనున్న స్నేహితుణ్ణి కాల్చేశారు. చంపినవాళ్లు దొరకలేదు. అప్పుడే ఆమెకి "ఫిలిస్" అనే కామెడీ సీరియల్‌లో మంచి పాత్ర వచ్చింది, మూడు ఎపిసోడ్లే చేసింది. కెన్‌గా చేసిన జాక్ కాసిడీ కూడా మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఇంట్లో అగ్నిప్రమాదంలో పోయాడు. ఆ షాంపేన్ సీన్ నేను ఇప్పుడు ముందుకి జరిపేస్తాను.

పాతటీవీ_పిచ్చోడు
తెలుసు. రాయాల్సిందే, మంచిపని చేశావు.

కాసిడీ మళ్లీ రెండుసార్లు హంతకుడిగా వచ్చాడు, "పబ్లిష్ ఆర్ పెరిష్", "నౌ యూ సీ హిమ్". మొదటిదాంట్లో పుస్తకాల పబ్లిషర్, అందులో చచ్చిపోయే రచయితగా నిజం డిటెక్టివ్ నవలా రచయిత మిక్కీ స్పిలేన్ నటించాడు. నవ్వుతూ అబద్ధం చెప్పడంలో కాసిడీని మించినవాడు ఈ సీరియల్‌లో లేడని నా అభిప్రాయం, ఎవరైనా ఇందులోనే ఇంకో హంతకుడిగా చేసిన రాబర్ట్ కల్ప్ అంటే గొడవకి సిద్ధం.

డల్లాస్_బాబాయ్
రాబర్ట్ కల్ప్.

పాతటీవీ_పిచ్చోడు
దానికి వేరే దారం తెరుద్దాం బాబాయ్, ఇక్కడ పరువు తీయకు.

రాత్రిబండి
మరి టీవీవాళ్లకిచ్చే ఎమ్మీ అవార్డు దీనికి స్పీల్‌బర్గ్‌కి వచ్చిందా? (ఈసారి అడుగుతున్నా, చెప్పట్లేదు.)

డల్లాస్_బాబాయ్
లేదు. రచనకి మాత్రం ఆ ఏడు భలే జరిగింది. నామినేషన్లు మూడూ కొలంబోకే. బోచ్కోకి ఈ ఎపిసోడ్ మీద వచ్చింది, గెలిచింది మాత్రం "డెత్ లెండ్స్ ఎ హ్యాండ్"కి లెవిన్సన్, లింక్. అంటే యజమానులే కుర్రాడి మీద గెలిచారు. ఫాక్‌కి ఉత్తమ నటుడు వచ్చింది, ఆ పాత్రకి మొత్తం నాలుగు. స్పీల్‌బర్గ్‌కి మాత్రం 1974లో ఇంకో రకం గౌరవం దక్కింది. "మైండ్ ఓవర్ మేహెమ్" అనే ఎపిసోడ్‌లో ఒక మేధావి పిల్లాడికి స్టీవెన్ స్పెల్‌బర్గ్ అని పేరు పెట్టారు.

తెరచాటు_రాత
పేరులో ఒక్క అక్షరం తగ్గినా పేరు పేరే. నాకు అది కూడా లేదు.

ట్రంక్‌కాల్_తాతయ్య
నేను మనవడితో కలిసి చూశాను. మీరెవరూ ఒకటి చెప్పలేదు. మొగుడు పోయి ఏడుస్తున్న ఆ అమ్మాయికి ఆ ఇన్‌స్పెక్టరు వంటింట్లోకి వెళ్లి ఆమ్లెట్ వేసి పెడతాడు. ప్రశ్నలు తర్వాత అడుగుతాడు. నాకు మిగతాదంతా సగం సగం అర్థమైంది, ఇంగ్లీషు స్పీడుగా ఉంది. అది మాత్రం బాగా గుర్తుండిపోయింది.

పాతటీవీ_పిచ్చోడు
లెఫ్టినెంట్ తాతయ్య గారూ, ఇన్‌స్పెక్టర్ కాదు :) వచ్చే శనివారం "పబ్లిష్ ఆర్ పెరిష్" చూద్దాం, మీ మనవణ్ణి కూర్చోబెట్టుకోండి, అర్థంకాని చోట ఆపించండి.

సీతాఫలం_82
అమ్మ కూడా చూస్తానంటోంది. టైప్‌రైటర్ ఉంటేనే అట.